ఇరవైనాలుగు గదులు, ఒక్క పొయ్యి

పాత కట్టడాలు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న ఇంజినీరు పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మూతపడ్డ రైసు మిల్లుని పెద్దవాళ్లు ఉండే ఇళ్లుగా మార్చాలంటే ముందు ఏం చూడాలి?" అని అడుగుతారు. పునాది చూడమంటానని, దూలాలకి చెద పట్టిందేమో చూడమంటానని వాళ్ల ఆశ. "ముందు మంచాల కింద చూడండి" అంటాను. పెద్దావిడ వేళాకోళం చేస్తోందనుకుని నవ్వేసి, మళ్లీ పునాది గురించే అడుగుతారు. వేళాకోళం నాకు ఇష్టమే గానీ ఈ మాట మాత్రం వేళాకోళం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముప్ఫై నాలుగేళ్లు సివిల్ ఇంజినీరుగా పనిచేశాను. అందులో చివరి పన్నెండేళ్లూ కోనసీమలో పాత మిల్లుల్ని తక్కువ అద్దె గదులుగా మార్చడంలోనే గడిచిపోయాయి. కొత్తపేట దగ్గర ఒకటి, రాజోలు వైపు ఒకటి, అమలాపురం శివార్లలో ఒకటి. మూడూ ఇంకా నిలబడే ఉన్నాయి, నా తప్పుల్ని కూడా మోస్తూ. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో రాస్తే మీరూ నిద్రపోతారు. అందుకని కొత్తపేట మిల్లు సంగతే చెబుతాను. నా పేరు బాగా చెడిందీ, నాకు కాస్త బుద్ధి వచ్చిందీ అక్కడే.

గోడ ఇంకా మిల్లులోనే ఉంది

కాలవ గట్టున, ధాన్యం పడవల్లో వచ్చే రోజుల్లో కట్టిన మిల్లు అది. రెండడుగుల మందం గోడలు, గానుగ సున్నం, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. లోపల ధాన్యం ఉడకబెట్టే తొట్లు, వెనక పొగగొట్టం, ముందు ధాన్యం ఆరబోసుకునే సిమెంటు కళ్లం. మండపేట, రాయవరం వైపు పెద్ద పెద్ద మిల్లులు వచ్చాక ఇలాంటివి ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్నింటిలో గడ్డివాములు వేశారు, కొన్నింటిలో పెళ్లిళ్ల కుర్చీలు దాచారు. ఇందులో గబ్బిలాలు కాపురం పెట్టాయి.

మొదటి పాఠం రంగు దగ్గర వచ్చింది. నేను ఎంచుకున్న లేత పసుపు రంగు వేయించిన వారానికి అప్పడంలా లేచిపోయింది. కంపెనీ మార్చి మళ్లీ వేయించాను, మళ్లీ లేచింది. మేస్త్రి వీర్రాజు రెండుసార్లూ పక్కనే నిలబడి చూశాడు గానీ ఏమీ అనలేదు. మూడోసారి నేను నోరు తెరిచి అడిగితే అప్పుడు చెప్పాడు. "గోడ ఇంకా మిల్లులోనే ఉందండీ మేడమ్ గారూ. తవుడు నూనె తాగి ఉందండీ. దాన్ని కడిగి, ఆకలేసేలా చేసి, అప్పుడు సున్నం పెట్టాలండీ." సబ్బునీళ్లతో నాలుగుసార్లు కడిగించి, నెల ఆరనిచ్చి, సున్నం పూశాడు. ఇప్పటికీ అలాగే ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు కదండీ" అన్నాడు. కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే అతను అన్నది నిజమే. నేను చెప్పడానికే వెళ్లాను, అడగడానికి వెళ్లలేదు.

ఛైర్మన్ గారి 'ఆయ్'

మిల్లు మా ట్రస్టు ఛైర్మన్ గారిది. కొబ్బరి వ్యాపారం ఆయనది. మిల్లు కట్టించింది వాళ్ల తాతగారు. దాన్ని ఊరికే పాడుపెట్టలేక, నలుగురు స్నేహితుల్ని పోగేసి ఒక ట్రస్టు పెట్టి, తక్కువ అద్దెకి పెద్దవాళ్లకి గదులిద్దామన్న ఆలోచన కూడా ఆయనదే. ఆయన పేరు రాయను. ఇప్పటికీ వాళ్లింటికి భోజనానికి వెళుతుంటాను, ఆ వసతి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

మంచి మనిషే. అయితే ఏది చెప్పినా "ఆయ్" అనేవారు. మా వైపు ఆ మాటకి సరేనని అర్థం. ఛైర్మన్ గారి నోట్లోంచి వస్తే మాత్రం విన్నానని అర్థం, అంతే. ఈ తేడా తెలియడానికి నాకు ఏడాది పట్టింది. పొగగొట్టం పడగొట్టవద్దండీ, గట్టిగా ఉంది, అందంగా ఉంది, ఈ ఊరి చరిత్ర అది అని అరగంట చెప్పాను. ఆయ్ అన్నారు. మర్నాడు పొద్దున్నే వెళితే నలుగురు కూలీలు గడ్డపారలతో దాని మొదట్లో ఉన్నారు. అప్పుడు పరిగెత్తుకెళ్లి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పొగగొట్టం నడుం దగ్గర సిమెంటు అక్షరాలతో ఉన్న వాళ్ల తాతగారి పేరు చూపించాను. గడ్డపారలు వెనక్కి వెళ్లిపోయాయి. యజమానికి చరిత్ర అక్కర్లేదు, తాతగారు కావాలి. ఈ ముక్క ఏ కాలేజీలోనూ చెప్పరు, రాసిపెట్టుకోండి.

నా గొప్ప ప్లాను

ఆ మిల్లుకి నేను వేసిన ప్లాను చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని. పొడుగాటి వరండా, దాని వెంట ఇరవైనాలుగు గదులు, ప్రతి గదికీ స్నానాల గది, గోడలకి పట్టుకోవడానికి కమ్మీలు, జారని నేల. వడ్లు ఆడించే హల్లర్లు ఉండే పెద్ద హాలుని భోజనశాల చేశాను. అందరికీ అక్కడే వంట. గదుల్లో పొయ్యి నిషేధం. పైన టేకు, పెంకుల కింద చెక్క. ఒక ముసలి చెయ్యి స్టవ్వు కట్టేయడం మరిచిపోతే ఊరంతా చూసేటంత మంట లేస్తుంది. ఇదంతా సరైన ఆలోచనే, ఇప్పటికీ కాదనను.

తప్పు ఎక్కడంటే, ఒక డాక్టరు గారి చేత ఉప్పు తక్కువ, కారం తక్కువ, నూనె తక్కువగా భోజనం పట్టిక వేయించి, "వయసైపోయినవాళ్లకి వంట బరువు దించేశాం" అని ప్రారంభోత్సవంలో మైకు పట్టుకుని చెప్పాను. చప్పట్లు బాగా కొట్టారు. కొట్టినవాళ్లలో అక్కడ ఉండబోయే ఆడవాళ్లు ఒక్కరూ లేరని తరవాత ఫొటోల్లో చూశాను.

ఏడో గది

ఏడో గది సూరమ్మ గారికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఆ మిల్లు కళ్లంలోనే ముప్ఫై ఏళ్లు ఎండలో పాదాలతో ధాన్యం తిరగేసింది. తాళం చేతిలో పెట్టి కమ్మీలు, స్విచ్చులు, నీళ్ల కుళాయి అన్నీ చూపించాను. శ్రద్ధగా విన్నారు.

"బాగుందండీ. ఒక్క మాట అడగొచ్చాండీ ఇంజినీరమ్మ గారూ?"

"అడగండి."

"ఇందులో చచ్చిపోవచ్చాండీ?"

నా పక్కనే ఉన్న ఛైర్మన్ గారు, "శుభమా అని గదిలోకి దిగుతూ ఆ మాటలేంటమ్మా" అని కాలవ వైపు తిరిగిపోయారు. నేను "ముందు హాయిగా బతకండి సూరమ్మ గారూ" అని నవ్వేశాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వేయడం ఉద్యోగంలో త్వరగా పట్టుబడే విద్య.

ఆవిడ నవ్వలేదు. "మాయన ఇక్కడే తొట్ల దగ్గర చేసేవోరండీ. ఆఖర్న మంచం పట్టేరు. అద్దింట్లో ఉన్నామండీ. ఇంటావిడ మంచిదేనండీ, గంజి కాసిచ్చేది. ఇంక రెండ్రోజులేనని డాక్టరు చెప్పేక వచ్చి, ఏవనుకోకు సూరమ్మా, మా ఇంట్లో పిల్ల పెళ్లి పెట్టుకున్నాం అందండీ. మంచంతో సహా ఎత్తించి కొబ్బరికాయలు పోసే పాకలో పెట్టుకున్నానండీ. వానండీ ఆ రోజు. అక్కడే పోయేరు. బతకడానికి చోటు ఎక్కడైనా దొరుకుతాదండీ. రెండోదానికే ఎవరూ ఇవ్వరు."

మా వైపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అద్దె ఇంట్లో ప్రాణం పోవడం చాలామంది ఇంటివాళ్లు ఒప్పుకోరు. అంతవరకూ తల్లిలా చూసినవాళ్లే ఆ ఘడియ దగ్గర పడేసరికి చేతులు జోడిస్తారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. మా దరఖాస్తు ఫారంలో ముప్ఫై ఒక్క ప్రశ్నలు పెట్టాను, బి.పి. నుంచి కళ్లజోడు నంబరు దాకా. ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం అందులో లేదు. ఆ రోజు నేను జవాబు చెప్పకుండానే బయటికి వచ్చేశాను. సిగ్గుపడాల్సిన విషయమే, పడుతున్నాను.

సాయంత్రం ఐదు గంటల ఎలకలు

రెండు నెలలు సుఖంగా గడిచాయి. మూడో నెల నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఫ్యూజు ఎగిరిపోవడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు మార్చాడు. మళ్లీ పోయింది. అటక మీదకి ఎక్కి చూస్తే ఎలక పెంటికలు కనిపించాయి. మిల్లు కదా, ఎలకలు లేకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం చల్లబడ్డాక ఎలకలు బయల్దేరి వైర్లు కొరుకుతున్నాయని, అందుకే సరిగ్గా ఐదింటికి పోతోందని బొమ్మలతో సహా మూడు పేజీల రిపోర్టు రాసి ట్రస్టుకి ఇచ్చాను. అంత శాస్త్రీయంగా నేను మరో రిపోర్టు రాయలేదు. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

రెండు పిల్లుల్ని కూడా తెప్పించాను. నెలలోపు గుమ్మడికాయల్లా తయారయ్యాయి. ఎలకల మీద బలిశాయనుకున్నాను. ఏడో గది ముందే ఎందుకు పడుకుంటున్నాయో ఆలోచించలేదు.

అనుమానం రావాల్సిన చోటు ఇంకొకటి కూడా ఉంది. పన్నెండో గదిలో సత్యం గారని ఒకాయన ఉండేవారు. మిల్లు నడిచే రోజుల్లో కాటా దగ్గర గుమస్తా. పెళ్లి చేసుకోలేదు. ఆయన తనంతట తానే భోజనశాలకి సెక్రటరీ అయిపోయి, ఫిర్యాదుల పుస్తకం ఒకటి కుట్టుకున్నారు. "ఏడవ గది నుండి ఎండుచేపల వాసన." "పదవ గదిలో పోపు చప్పుడు." "ఏడవ గది నుండి మరల ఎండుచేపల వాసన." అక్షరాలు ముత్యాల్లా ఉండేవి.

సూరమ్మ గారిని అడిగాను. "కాలవ గాలండీ. ఓడలరేవు నించి వస్తాదండీ" అన్నారు కళ్లలోకి చూసి మరీ. సముద్రం ఒడ్డున ఓడలరేవు ఎక్కడ, కొత్తపేట ఎక్కడ. ఆ గాలి అమలాపురంలో బస్సు మారి రావాలి. అయినా నమ్మేశాను. నా ప్లానులో పొయ్యి లేదు కాబట్టి గదిలో పొయ్యి ఉండే అవకాశమే లేదని నా ధీమా.

సత్యం గారు పోయిన రోజు

ఒక శుక్రవారం పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ, కుర్చీలోనే పోయారు సత్యం గారు. ఎవరినీ కష్టపెట్టలేదు. మేనల్లుడు రాజోలు నుంచి వచ్చి చేయాల్సినవన్నీ చేశాడు. ఊళ్లో సిద్ధాంతి గారు వచ్చి పంచాంగం తిప్పి, ఫోనులో మళ్లీ ఒకసారి సరిచూసుకుని, "ధనిష్ఠ అండీ" అన్నారు మెల్లగా.

ధనిష్ఠలో మనిషి పోతే పోయిన ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలని గట్టి పట్టింపు. పోయింది ఏ ఇంట్లో? అందరూ తలలెత్తి పైకి చూశారు. ఒకటే కప్పు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే.

సాయంత్రానికి వరండాలో ట్రంకుపెట్టెలు బయల్దేరాయి. కూతుళ్లు ఉన్నవాళ్లు ఫోన్లు పట్టుకున్నారు, లేనివాళ్లు వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నారు. నక్షత్రాలకీ పెంకులకీ సంబంధం లేదని నేను పావుగంట శాస్త్రీయంగా ఉపన్యసించాను. దాని ఫలితంగా అప్పటిదాకా సర్దుకోనివాళ్లు కూడా సర్దుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు ఛైర్మన్ గారు నోటీసు అంటించారు. ఒకటి, భవనం ఆరు నెలలు మూసివేయబడును. రెండు, తిరిగి తెరిచిన తరువాత, ఆరోగ్యం విషమించిన వారిని వారి బంధువులు వెంటనే తీసుకుపోవలెను. "మరొకరు ఇలాగే పోతే మళ్లీ ఆర్నెల్లు మూయాలి కదండీ. ఇలాగైతే ఎన్నాళ్లు నడుపుతానండీ" అన్నారు. దుర్మార్గుడు కాదు, భయపడ్డాడు.

సూరమ్మ గారికి చదువు రాదు. చదివి చెప్పమన్నారు. చెప్పాను.

"బంధువులంటే ఎవరండీ?"

"అంటే, మీవాళ్లు."

"నాకెవరూ లేరు కదండీ. మరి నన్ను ఎవరు తీసుకెళ్తారండీ? ఆ పాకలోకేనాండీ?"

ఆవిడ పెట్టె సర్దలేదు. ఏడో గది గుమ్మంలో కూర్చున్నారు, అంతే. ఆ రోజు ఇంటికి వెళ్లి నేను అన్నం తినలేకపోయాను.

ఎన్ని పొయ్యిలండీ?

ఆదివారం పొద్దున్నే సిద్ధాంతి గారిని బతిమాలి మిల్లుకి తీసుకొచ్చాను. నలభై ఏళ్ల మనిషి, స్కూటీ మీద తిరుగుతారు, నవ్వు మొహం. ఆయన వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. వెనక నేనూ, ఛైర్మన్ గారూ, పెట్టెల మధ్యలోంచి అందరి కళ్లూ.

"ఇంజినీరు గారూ, మీ లెక్కలో ఇల్లంటే ఏంటండీ?"

"గోడలూ, కప్పూ, తలుపూ."

"మా లెక్కలో పొయ్యండీ. అన్నదమ్ములు ఒకే పెంకుటింట్లో ఉన్నా, పొయ్యిలు వేరు పెట్టుకున్నారంటే ఇళ్లు వేరే. ఒక ఇంటి దోషం రెండో ఇంటికి పోదు. ఇక్కడ ఎన్ని పొయ్యిలండీ?"

"ఒక్కటేనండీ" అన్నాను. ఎప్పుడూ గర్వంగా చెప్పే మాట, అలవాటు కొద్దీ అప్పుడూ గర్వంగానే వచ్చింది.

"అయితే ఇది ఒక్కటే ఇల్లండీ. మూసెయ్యాలి మరి."

నా ప్లానే మా అందరి మెడకీ చుట్టుకుంది. ఛైర్మన్ గారు "ఆయ్" అన్నారు. అప్పుడు వెనక నుంచి సూరమ్మ గారి గొంతు వినిపించింది.

"ఒకటి కాదండీ."

లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, పాత చీరలో చుట్టిన కరెంటు స్టవ్వు తెచ్చి గుమ్మంలో పెట్టారు. దాని పక్కన ఎండుచేపల డబ్బా కూడా పెట్టారు, సాక్ష్యానికి. "నాదొకటండీ" అని వరండా పొడుగునా చూశారు. "బయట పెట్టండమ్మా. ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాం."

తరవాత ఎనిమిదో గది మంగాయమ్మ గారు లోపలికి వెళ్లి బియ్యం డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చారు. బియ్యంలో చెయ్యి పెట్టి చిన్న గ్యాసు సిలిండరు పైకి తీశారు. ఆ భవనం అగ్నిప్రమాదాల నుంచి సురక్షితమని సంతకం పెట్టింది నేనే. పదో గది నుంచి ఇండక్షన్ స్టవ్వు వచ్చింది. పదిహేనో గది నుంచి కుంపటి. మిల్లు బాయిలరు దగ్గర పనిచేసిన తాతారావు గారు ఏకంగా డబ్బాలో దట్టించిన ఊకపొయ్యి తెచ్చి, "పొగ రాదండీ, నేను కట్టింది" అని నాకు ధైర్యం చెప్పారు. మిగతావన్నీ కరెంటు స్టవ్వులే. నా ఐదు గంటల ఎలకలు వరసగా గుమ్మాల్లో కూర్చున్నాయి.

సిద్ధాంతి గారు వేలు పెట్టి లెక్కపెట్టారు. "పద్ధెనిమిది. చాలా బాగుందండీ. పోయినాయన పొయ్యేదండీ?"

పొయ్యిల మీద ఫిర్యాదులు రాసిన మనిషికి పొయ్యేమిటి?

"ఆయన భోజనశాలలోనే తిన్నారంటే ఆయనది ఆ పొయ్యేనండీ. ఆ వంట తిన్నవాళ్లందరిదీ ఆయన ఇల్లే అవుతుంది" అన్నారు సిద్ధాంతి గారు. పద్ధెనిమిది పొయ్యిలూ బయటపడి కూడా ఏమీ లాభం లేదన్నమాట. ఛైర్మన్ గారు నోటీసు వైపు చూశారు.

సూరమ్మ గారు నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. "ఆయన గదిలో కాటా పెట్టె ఉందండీ. తీయించండి."

మేనల్లుడు వెళ్లి, మిల్లు మూసేసిన రోజు సత్యం గారు గుర్తుగా తెచ్చుకున్న చెక్కపెట్టె మోసుకొచ్చాడు. తూకం రాళ్లు ఉండాల్సిన చోట చిన్న కరెంటు స్టవ్వు, మూకుడు, ఆవాల డబ్బా, పేపర్లో చుట్టిన ఎండుచేపలు ఉన్నాయి.

"చింతపండు నా దగ్గరే పట్టుకెళ్లేవోరండీ" అన్నారు సూరమ్మ గారు. "ఆయన గది నించి వాసనొస్తే ఎవరో ఒకరి మీద రాయాలి కదండీ. నా మీద రాసేవోరు. నన్ను అడిగే రాసేవోరండీ, మర్యాదస్తుడు."

మేనల్లుడు మొదట నవ్వాడు, తరవాత కళ్లు తుడుచుకున్నాడు. సిద్ధాంతి గారు పంచాంగం సంచిలో పెట్టేశారు. "పంతొమ్మిది. ఆయన ఇల్లు ఆయనది. పన్నెండో గది ఒక్కటి మూసెయ్యండి, చాలు." పొయ్యి లేని మరో ఐదు గదులవాళ్లు, మిగిలిన జీవితంలో ఇంకెప్పుడూ ఇంత తొందర పడలేదేమో, అప్పటికప్పుడు కొత్తపేట బజారుకి ఆటో పిలిపించుకున్నారు.

నేను ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్లాను. "ఆ రెండో నిబంధన తీసెయ్యాలండీ."

"ఆయ్."

"మీ ఆయ్ నాకొద్దండీ. కాగితం ఇవ్వండి."

గోడ మీంచి నోటీసు ఆయనే పీకి, నా చేతిలో పెట్టారు. ముక్కలు చేశాను. అప్పుడు ఏడో గదికి వెళ్లి, "సూరమ్మ గారూ, మీరు మొదటిరోజు అడిగారు కదా. పోవచ్చండీ ఇందులో" అన్నాను.

"తొందరేం లేదులెండి" అన్నారు ఆవిడ, స్టవ్వు తుడుచుకుంటూ.

కొన్నాళ్ల తరవాత ఎదురుపడితే సిద్ధాంతి గారిని అడిగాను, ఆ పొయ్యి లెక్క శాస్త్రంలో నిజంగా ఉందా అని. "మీ రిపోర్టులో ఎలకలు నిజంగా ఉన్నాయాండీ?" అని స్కూటీ స్టార్టు చేశారు.

గట్లు

ఆ తరవాత వీర్రాజు చేత గదుల వెనక వసారాలో ఇరవైనాలుగు పొయ్యిగట్లు కట్టించాను. ఇటుక గోడ అడ్డం, రాతిపలక, ప్రతి గట్టుకీ విడిగా వైరు, దానంతట అది కట్టేసుకునే స్విచ్చు. గ్యాసు, కుంపటి వద్దని దణ్ణం పెట్టి ఒప్పించాను. తాతారావు గారి ఊకపొయ్యికి మాత్రం కళ్లం చివర ఒక మూల ఇవ్వాల్సొచ్చింది. భోజనశాలా నడుస్తోంది, ఓపిక లేని రోజు అక్కడ తింటారు, తిట్టుకుంటూ. ఫ్యూజు మళ్లీ పోలేదు.

నా ప్లాను అందం పోయింది. చూడటానికి వచ్చేవాళ్లు గట్లు పడకుండా ఫొటోలు తీసుకుంటారు. నేను మాత్రం కొత్త పిల్లలు వస్తే ముందు అవే చూపిస్తాను. పెద్దవాళ్లకి కట్టేటప్పుడు వాళ్లు పడిపోకుండా ఏం చేయాలా అని మనం చాలా ఆలోచిస్తాం. వాళ్లకి ఇంకా ఏమేం చేయడం వచ్చో మాత్రం అడగం. అడగకుండా కట్టిన ప్రతిచోటా వాళ్లు మనకి తెలియకుండా రెండో ప్లాను వేసుకుంటారు. అది మన ప్లాను కంటే బాగా పనిచేస్తుంది, అప్పుడప్పుడు నిప్పంటుకుంటుంది కూడా. దరఖాస్తు ఫారంలో ముప్ఫై రెండో ప్రశ్న చేర్చాను: ఆఖరి దాకా ఇక్కడే ఉండదలిచారా? ఇంతవరకూ కాదని ఎవరూ రాయలేదు.

సూరమ్మ గారు

నాలుగేళ్ల తరవాత సూరమ్మ గారికి జ్వరం తగిలింది. ఆసుపత్రికి వద్దన్నారు. ఛైర్మన్ గారే డాక్టరుని కారులో తీసుకొచ్చారు, మూడు రోజులూ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరికి ఫోన్ చేయాలని ఎవరూ అడగలేదు. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆవిడ ఏడో గదిలో, తన మంచం మీద పోయారు.

నేను వెళ్లేసరికి ఎనిమిదయింది. ఆవిడని గది గుమ్మం ముందు చాప మీద పడుకోబెట్టారు. సిద్ధాంతి గారు వచ్చి ఏదో నక్షత్రం చెప్పారు. ఎవరూ సరిగ్గా వినలేదు. కొరివి తాను పెడతానని తాతారావు గారు అప్పటికే తలస్నానం చేసి తడిపంచెతో నిలబడి ఉన్నారు.

పది దాటింది. వెనక వసారాలోకి వెళ్లి చూస్తే ఏ గట్టు మీదా గిన్నె లేదు. భోజనశాలలో వంటమనిషి ఉప్మా చేసి మూతపెట్టి కూర్చున్నాడు. "ఎవరూ రాలేదండీ" అన్నాడు. సగం మందికి సుగరు, మాత్రలు వేసుకోవాలి. నాకు కంగారు పుట్టి, సెంటరుకి వెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చి ముందుగా మంగాయమ్మ గారి దగ్గర కూర్చున్నాను.

"రెండు తినండి. మాత్ర వేసుకోవాలి కదా."

"వద్దండీ."

"సూరమ్మ గారిది వేరే ఇల్లండీ. ఆ రోజే తేలిపోయింది కదా. మీ ఇంట్లో మీరు తింటే తప్పేముంది?"

మంగాయమ్మ గారు నా వైపు ఓపిగ్గా చూశారు. "ఆయ్, వేరే ఇల్లేనండీ. కాదని ఎవరన్నారు? ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. మా మనిషిని అక్కడ పెట్టుకుని ముద్ద ఎలా దిగుతుందండీ?"

సూరమ్మ గారిని మిల్లు గేటు దాటించేసరికి ఒంటిగంట అయింది. అప్పటిదాకా ఒక్క పొయ్యీ వెలగలేదు. చల్లారిపోయిన ఇడ్లీల పొట్లం ఒళ్లో పెట్టుకుని నేనూ వాళ్లతోనే వరండాలో కూర్చున్నాను. ఆకలేసింది, ఏడుపూ వచ్చింది. ఆ మిల్లులో మొత్తం ఎన్ని ఇళ్లున్నాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను తడుముకుంటాను.